జీవించువారిని ద్వేషించి మృతులను కోరుకొను మాంత్రికుడు: తెలుగు కథలలోని ప్రతినాయకునిపై ఒక దైవశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతము

గ్రామ సంఘములలో పరిచర్య చేయు కాపరులలో దయ్యములను గూర్చి, చేతబడిని గూర్చి ప్రశ్న ఎదురుకానివారు ఉండరు. గోదావరి ప్రాంతములో చేతబడిని చిల్లంగి అంటారు. రామచంద్రపురము చుట్టుప్రక్కల గ్రామములలో మేము గమనించిన సంగతి ఒకటున్నది. చిల్లంగిని గూర్చి విశ్వాసులకున్న ఊహలలో ఎక్కువ భాగము వాక్యము నుండి వచ్చినవి కావు. అవి కథల నుండి, వారపత్రికల సీరియళ్ల నుండి, ముఖ్యముగా సినిమాల నుండి వచ్చినవి. మనము ప్రసంగపీఠము మీద నిలిచి అపవిత్రాత్మలను గూర్చి బోధించునప్పుడు వినువారి కన్నుల ముందు కదలాడునది గెరాసేనుల దేశము కాదు. 'పాతాళభైరవి'లోని నేపాళ మాంత్రికుడో, 'అరుంధతి'లోని పశుపతియో అక్కడ నిలుచుంటాడు.

కనుక ఈ కల్పిత ప్రతినాయకుని కొంచెము శ్రద్ధగా పరిశీలించుట కాపరికి అనవసరమైన పని కాదని మా అభిప్రాయము. అతడు స్మశానమునే ఎందుకు ఆశ్రయిస్తాడు? బ్రదికియున్న మనుష్యులంటే అతనికి ఎందుకంత ద్వేషము? శవముతో, ప్రేతముతో, రాతిబొమ్మతో అతనికి ఎందుకంత చనువు? కథకులు ఈ ప్రశ్నకు తమ తమ రీతిలో జవాబు చెప్పారు. ఆ జవాబులను వరుసగా చూచి, తరువాత లేఖనముల వెలుగులో వాటిని తూచి, చివరకు మన పరిచర్యకు అవి ఏమి నేర్పుచున్నవో ఆలోచింతము.

1. పదములను గూర్చి కొంత వివరణ

చనిపోయియు చావనివారిని తెలిపే ఒకే మాట తెలుగులో లేదు. మన జనులు నాలుగైదు మాటలను కలిపి వాడుతారు. హైందవ సంప్రదాయములో ప్రేతము అనగా మరణించినవాడు పితృదేవతలలో చేరుటకు ముందున్న స్థితి. సాధారణముగా పన్నెండవ దినమున జరుగు సపిండీకరణముతో ఆ స్థితి ముగుస్తుందని నమ్మకము. ఆ కర్మలు జరుగనివారు, అకాల మరణము పొందినవారు పిశాచములై తిరుగుతారని జనవాక్యము. బేతాళుడు వేరు. అతడు ఇతరుల శవములో ప్రవేశించి దానిచేత మాట్లాడించు భూతము. దయ్యము అను మాటను మాత్రము జనులు వీటన్నిటికిని వాడుతారు.

తెలుగు బైబిలు అనువాదకులు గ్రీకు 'దైమోనియోన్' అను మాటకు ఈ 'దయ్యము'నే తీసుకొన్నారు. అందువలన ఒక చిక్కు వచ్చినది. సువార్తలలో దయ్యము అనగా చనిపోయిన మనుష్యుని ఆత్మ అని ఎక్కడను చెప్పబడలేదు. శిష్యులు యేసును చూచి భయపడినప్పుడు (మార్కు 6:49, లూకా 24:37) మూలభాషలో వేరు మాటలున్నవి, మన అనువాదమును వాటికి 'భూతము' అను మాట వాడినది. అయినను నూతిలో పడి చనిపోయిన పొరుగింటి కోడలే దయ్యమై పట్టినదని చెప్పుకొను ఊరిలో, సువార్త చదువు విశ్వాసి రెండిటిని ఒకటిగానే వింటాడు. ఈ తేడాను బోధించవలసిన బాధ్యత కాపరిది.

2. నాలుగు కథలు, ఒకే మనిషి

మన కథలలో ఈ ప్రతినాయకుడు అనేక వేషములలో వస్తాడు. నలుగురిని మాత్రము తీసుకొందము.

మొదటివాడు క్షాంతిశీలుడు. పదకొండవ శతాబ్దములో కాశ్మీరదేశపు సోమదేవుడు సంస్కృతములో కూర్చిన కథాసరిత్సాగరములో బేతాళ కథలు ఇరువదియైదు ఉన్నవి. 1947లో మొదలైన 'చందమామ' మాసపత్రిక దశాబ్దముల తరబడి బేతాళ కథలను ప్రచురించినందున ఆ చట్రము తెలుగువారి ఇంటింటికి తెలిసినదే. దాని మూలములో ఒక భిక్షువు ఉన్నాడు. అతడు రాజునకు ప్రతిదినము ఒక పండు సమర్పిస్తాడు. పండులో రత్నము దాగియుంటుంది. తరువాత, చెట్టుకు వ్రేలాడుచున్న శవమును స్మశానమునకు మోసికొని రమ్మని అడుగుతాడు. అతని అసలు ఉద్దేశము రాజును బలియిచ్చి విద్యాధరులపై ఆధిపత్యము పొందుట. బ్రదికియున్న రాజు అతనికి ఒక బలిపశువు, అంతే. అతనికి కావలసినది శవము. అయితే ఆ శవములోని బేతాళుడు మౌనముగా ఉండడు. దారిపొడుగునా ప్రశ్నలడుగుతాడు, చివరకు భిక్షువు కుట్రను రాజునకు బయటపెడతాడు. తనకు పనికివచ్చునని భిక్షువు తెప్పించుకొన్న శవమే అతని పన్నాగమును చెడగొట్టినది.

రెండవవాడు బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు. ఇది బుర్రకథలలోను నాటకములలోను విస్తారముగా ఆడిన కథ. కాకినాడకు చెందిన సి. పుల్లయ్య దర్శకత్వములో 1942లో జెమినీ సంస్థ దీనిని చలనచిత్రముగా తీసినది. కాంచనమాల బాలనాగమ్మగాను, గోవిందరాజుల సుబ్బారావు మాంత్రికునిగాను నటించారు. ఈ మాంత్రికుడు బాలనాగమ్మను కుక్కగా మార్చి ఎత్తుకొనిపోతాడు. ఆమెను వెదుకుచు వచ్చిన భర్తను, సేనను రాళ్లుగా మార్చివేస్తాడు. ఎదిరించగల మనుష్యుని ఎదిరించలేని రాయిగా చేయుటయే అతని విద్య. తన ప్రాణమును మాత్రము అతడు తన శరీరములో ఉంచుకొనడు. దూరదేశములో ఒక చిలుకలో దాచిపెడతాడు. ఆ రహస్యము బయటపడి, బాలనాగమ్మ కుమారుడు ఆ చిలుకను పట్టుకొనగానే మాంత్రికుని కథ ముగుస్తుంది.

మూడవవాడు నేపాళ మాంత్రికుడు. రాజమహేంద్రవరపు మధిర సుబ్బన్న దీక్షితులు వ్రాసిన కాశీమజిలీ కథల ఆధారముగా కె.వి.రెడ్డి దర్శకత్వములో 1951లో వచ్చిన 'పాతాళభైరవి'లో ఎస్.వి. రంగారావు ఈ పాత్ర ధరించారు. ఇతడు సాహసియైన యువకుని వెదకునది స్నేహము కొరకు కాదు, బలి కొరకు. కథానాయకుడు తోటరాముడు అతనినే బలియిస్తాడు. కాని శిష్యుడు సదాజపుడు సంజీవని ప్రయోగించి గురువును మరల బ్రదికిస్తాడు. ఈ విధముగా మరణించి లేచిన మాంత్రికుడు తెలుగు తెరకు వచ్చినాడు. లేచినవాడు మారినాడా? లేదు. కోరినదెల్ల ఇచ్చు ప్రతిమ చేతికి వచ్చినను, రాకుమారి మనస్సును మాత్రము అతడు తెచ్చుకొనలేకపోయినాడు.

నాలుగవవాడు పశుపతి. పాలకొల్లులో పుట్టిన కోడి రామకృష్ణ దర్శకత్వములో 2009 జనవరిలో విడుదలైన 'అరుంధతి'లోని ఈ పాత్రను సోనూ సూద్ పోషించారు. అతడు గద్వాల సంస్థానపు అల్లుడు, కథానాయిక జేజమ్మకు అక్క భర్త. స్త్రీలను చెరచుటయే అతని నడవడి. అంధురాలైన నాట్యాచార్యురాలిని చెరచి చంపుతాడు. భార్య ఉరి వేసికొని మరణిస్తుంది. బాలికయైన జేజమ్మ ఆజ్ఞ మీద జనులు అతనిని కొట్టి, గుఱ్ఱమునకు కట్టి ఈడ్పించి తరిమివేస్తారు. చావుబ్రదుకులలో ఉన్న అతనిని అఘోరాలు చేరదీస్తారు. వారివద్ద క్షుద్రవిద్యలు నేర్చి, సంవత్సరముల తరువాత ఆమె పెండ్లి సమయమునకు తిరిగివస్తాడు. అతనిని చంపినయెడల ప్రేతమై మరింత బలవంతుడగునని ఎరిగి, ఆమె అతని నాలుక కోసి, ప్రాణముతో ఉండగానే సమాధి చేయిస్తుంది. సమాధిలో చచ్చినవాడు అక్కడనే కాచుకొనియుంటాడు. తరతరముల తరువాత అదే రూపముతో పుట్టిన మునిమనుమరాలిని తన వశము చేసికొనవలెనని చూస్తాడు.

ఇక్కడ ఒక మార్పు గమనింపదగినది. మునుపటి కథలలో మాంత్రికుడు బయటివాడు: ఊరూపేరు తెలియని భిక్షువు, ఫకీరు, నేపాళమువాడు. పశుపతి మాత్రము ఇంటి అల్లుడు. చెడుగు సరిహద్దు దాటి వచ్చినది కాదు; పీట వేసి భోజనము వడ్డించిన ఇంటిలోనే పెరిగినది. పైగా ఈ చిత్రములో ఫకీరు కథానాయికకు సహాయకుడు.

3. ద్వేషమునకు మూలమేమి?

ఈ నలుగురి కథలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినయెడల మూడు కారణములు కనబడుచున్నవి.

మొదటిది అవమానము. పశుపతి కథలో ఇది స్పష్టము. ఒక చిన్న పిల్ల మాట మీద, తాను ఏనాడును లెక్కచేయని సామాన్య జనులు తనను కొట్టినారు. తాను చేసిన దోషము అతనికి జ్ఞాపకము రాదు. తనకు జరిగిన పరాభవము మాత్రమే జ్ఞాపకముంటుంది. అయితే అవమానము ఒక్కటే అతనిని రాక్షసునిగా చేసినదని అనలేము. అవమానమునకు ముందే అతడు అంధురాలిని చంపినవాడు. అవమానము అతని ద్వేషమును పుట్టించలేదు. దానికి ఒక సాకును, ఒక గురిని ఇచ్చినది.

రెండవది మరణభయము. మాయల ఫకీరు తన ప్రాణమును చిలుకలో దాచుకొనుటలో ఇది కనబడుచున్నది. ఇటువంటి కథలు ఇతర దేశములలోను కలవు. రష్యా జానపద కథలలో కోశ్చేయ్ అనువాని చావు సూదిలోను, సూది గ్రుడ్డులోను, గ్రుడ్డు బాతులోను ఉంటుంది. 1997 నుండి 2007 వరకు వెలువడిన హ్యారీ పాటర్ నవలలలో వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి వస్తువులలో దాచుకొంటాడు. ఈ కథలన్నిటిలో ఒకే సత్యమున్నది. చావకుండుటకు ప్రాణమును బయట దాచుకొన్నవాని శరీరములో ఇక ప్రాణము లేదు. అతడు చావలేదు, బ్రదుకుటయు లేదు. తన ప్రాణమును దక్కించుకొనగోరువాడు దానిని పోగొట్టుకొనునని ప్రభువు హెచ్చరించిన సంగతిని (మార్కు 8:35) ఈ జానపద కథకులు తమకు తెలియకుండనే బొమ్మగట్టి చూపినారు. హెబ్రీ పత్రిక రచయిత మరణభయమును జీవితకాలపు దాస్యముగా వర్ణించుచున్నాడు (2:14-15). ఆ దాసుడు పగలు నవ్వుచు తిరుగు మనుష్యులను చూచి అసూయపడుటలో ఆశ్చర్యమేమున్నది?

మూడవది, మా దృష్టిలో అన్నిటికంటె లోతైనది: బ్రదికియున్న మనిషి 'వద్దు' అనగలడు. శవము అనలేదు. రాయి అనలేదు. వశము చేయబడిన భూతము అనలేదు. రాకుమారి 'వద్దు' అన్నది, బాలనాగమ్మ 'వద్దు' అన్నది, జేజమ్మ 'వద్దు' అన్నది. మాంత్రికుడు వారిని ప్రేమించలేదు. వారి సమ్మతిని తన సొత్తుగా చేసికొనగోరినాడు. అది సాధ్యము కానప్పుడు, సమ్మతి అడుగనక్కరలేని వారివైపు తిరిగినాడు. మృతులమీద అతనికున్నది ప్రేమవలె కనబడును గాని, అది ఎదురుమాటలేని చోట కలుగు నెమ్మది మాత్రమే.

ఇంగ్లండు రచయిత్రి మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన 'ఫ్రాంకెన్‌స్టైన్' నవల ఈ సంగతిని మరొక దిక్కునుండి చూపుచున్నది. అందులోని విద్యార్థి మృతుల అవయవములను కూర్చి ఒక ప్రాణిని చేయుటకు రాత్రింబగళ్లు శ్రమిస్తాడు. అది కన్ను తెరచి అతనివైపు చూచినప్పుడు భయపడి పారిపోతాడు. ప్రాణము లేనంతకాలము దానిని ముద్దుచేసినవాడు, ప్రాణము వచ్చినది మొదలుకొని దానిని అసహ్యించుకొన్నాడు. ఎదుటివానికి కన్నులున్నవి, అవి నన్ను చూచి తీర్పు చెప్పగలవు అను సంగతిని భరించలేనివాడే ఈ కథలలోని ప్రతినాయకుడు.

ఇచ్చట ఒక న్యాయమైన మాట చెప్పవలసియున్నది. సినిమా చూపిన అఘోరాలను చూచి నిజమైన అఘోర సంప్రదాయమును తీర్పు తీర్చరాదు. వారు స్మశానమును ఆశ్రయించుట భయమును, ఏవగింపును జయించుటకని చెప్పుకొంటారు. ఆ సంప్రదాయమునకు చెందిన అవధూత భగవాన్ రామ్ 1961లో స్థాపించిన శ్రీ సర్వేశ్వరీ సమూహ్ వారణాసిలో కుష్ఠురోగులకు వైద్యసేవ చేసినది. వారి సిద్ధాంతముతో మనము ఏకీభవింపకపోవచ్చును. అయినను స్మశానమునకు వెళ్లిన ప్రతివాడును జీవించువారిని ద్వేషించునని అనుట సత్యము కాదు. శవముతోపాటు కూర్చుండి, తరువాత ఎవరును ముట్టని రోగిని ముట్టుకొనువాడు ఒకడు. శవముతోపాటు కూర్చుండి బ్రదికినవారిని శవములుగా చేయగోరువాడు మరొకడు.

4. లేఖనములలో ఇటువంటివాడు: రాజైన సౌలు

బైబిలులో ఈ ప్రతినాయకునికి దగ్గరగా ఉన్నవాడెవరని అడిగినయెడల, అనేకులు ఏన్దోరులోని స్త్రీని చూపుతారు. మేము సౌలును చూపుచున్నాము.

సౌలు కథను ఈ దృష్టితో వరుసగా చదువుడి. స్త్రీలు పాడిన పాటలో తన పేరు రెండవ స్థానమునకు పోయినందున అతడు అవమానపడినాడు (1 సమూయేలు 18:7-9). నాటినుండి అతని చుట్టునున్న బ్రదికిన మనుష్యులు ఒక్కొక్కరుగా అతనికి శత్రువులైనారు. తనకు సితారా వాయించి నెమ్మది కలిగించిన దావీదు మీదికి ఈటె విసరినాడు (18:10-11, 19:9-10). న్యాయము పలికిన సొంత కుమారుడు యోనాతాను మీదికి ఈటె విసరినాడు (20:33). నోబులో ఎనుబదియైదుగురు యాజకులను చంపించినాడు (22:18). ఎదురుచెప్పగల ప్రవక్తకు దూరమైనాడు, యాజకులను సంహరించినాడు, స్నేహితుని తరిమినాడు. ఇక మాట్లాడుటకు ఎవరు మిగిలినారు? మృతులు మిగిలినారు.

28వ అధ్యాయములోని విషాదము ఇదే. కర్ణపిశాచముగలవారిని దేశములోనుండి వెళ్లగొట్టిన రాజే మారువేషము వేసికొని రాత్రివేళ అటువంటి స్త్రీ ఇంటికి వెళ్లినాడు. బ్రదికియున్న సమూయేలు మాట వినని వాడు చనిపోయిన సమూయేలు మాట వినుటకు వెళ్లినాడు. లేచి వచ్చినది నిజముగా సమూయేలేనా అను విషయములో సంఘపితరులకు భిన్నాభిప్రాయములుండెను. ఓరిగెను అతడు సమూయేలే అని చెప్పగా, అంతియొకయ అధ్యక్షుడైన యుస్తాతియు అతనిని ఖండించి ప్రత్యేకముగా ఒక గ్రంథమే వ్రాసినాడు. ఆ చర్చ ఎటు తేలినను, కథలోని ఒక సంగతి మారదు: సౌలుకు వినబడినది క్రొత్త మాట కాదు. బ్రదికియుండగా సమూయేలు చెప్పినదే మరల చెప్పబడినది (28:16-18). బేతాళుడు భిక్షువునకు లొంగనట్లే, ఇక్కడ మృతుడును రాజునకు అనుకూలముగా మాట మార్చలేదు. మృతులయొద్ద విచారించువారిని యెషయా ఎందుకు నిలదీసినాడో (8:19) ఇది గ్రహింపజేయుచున్నది. మన చేత ఆమేన్ అనిపించు బ్రదికిన దేవుని మాటను తప్పించుకొని, మనకు ఆమేన్ అను మృతుని వెదకుట వ్యర్థము.

ఆ రాత్రి సౌలు నేలపై పడిపోయినాడు. పగలంతయు రాత్రియంతయు అతడు ఏమియు తినలేదు. అప్పుడు అతనిని బ్రతిమాలి భోజనము పెట్టినదెవరు? ఆ స్త్రీయే. తన ఇంటనున్న క్రొవ్విన దూడను వధించి, పిండి పిసికి రొట్టెలు కాల్చినది (28:24-25). తనవంటివారిని దేశములో లేకుండ చేసిన రాజునకు ఆమె ఈ పని చేసినది. ఆమె వృత్తిని లేఖనము సమర్థించదు. అయినను ఆమె చేతి రొట్టెను లేఖనము దాచిపెట్టదు. ఆ ఇంటిలో మృతులను ఆశ్రయించినవాడు రాజు. ఆకలిగొన్న మనిషిని చూచినది సోదెకత్తె.

5. మృతులను లేపుటలో ప్రభువు చూపిన మార్గము

మాంత్రికుడును మృతులను లేపుతాడు, యేసును లేపినాడు. వినువాడు ఈ రెండిటిని కలిపివేసికొను ప్రమాదమున్నది. పునరుత్థానమును బోధించు కాపరి ఈ తేడాను జాగ్రత్తగా చూపవలెను.

మాంత్రికుడు లేపినవాడు లేపినవాని సొత్తు. ప్రభువు లేపినవారిలో ఒక్కరినైనను ఆయన తన యొద్ద కట్టిపెట్టుకొనలేదు. నాయీనులోని యువకుని అతని తల్లికి అప్పగించినాడు (లూకా 7:15). యాయీరు కుమార్తెకు తినుటకేమైన పెట్టుడని చెప్పినాడు (మార్కు 5:43). లాజరు కట్లు విప్పి అతనిని పోనిమ్మన్నాడు (యోహాను 11:44). సమాధులలో నివసించు సేన పట్టినవాడు స్వస్థపడి ఆయనతోకూడ ఉండగోరినను, ఆయన అతనిని సొంత ఇంటివారియొద్దకు పంపినాడు (మార్కు 5:18-19). తల్లి ఒడి, ఇంటి భోజనము, విప్పిన కట్లు, సొంత ఊరు: ప్రభువు ఇచ్చిన జీవము ఈ స్థలములకు చేరినది. ఈ మనుష్యులు మరునాడు ఆయనతో 'వద్దు' అని చెప్పుటకును స్వతంత్రులే.

ఆయన పునరుత్థానమును అట్టిదే. శిష్యులు భూతమనుకొన్నప్పుడు ఆయన తన చేతులను పాదములను చూపి, కాల్చిన చేప ముక్క తినినాడు (లూకా 24:37-43). తనను చంపినవారి వెంటబడలేదు, పిలాతు ఇంటి గోడలలో నిలిచి భయపెట్టలేదు. పశుపతికి తన సమాధి పగకు కాచుకొను స్థలమైనది. ప్రభువు సమాధి ఖాళీ అయినది, కూడియున్న శిష్యులకు ఆయన పలకరింపు సమాధానము (యోహాను 20:19). మన విశ్వాసులకు ఈ రెండు సమాధుల భేదము స్పష్టముగా తెలిసినయెడల, ఈస్టరు వేకువ ఆరాధనకు సమాధుల తోటకు వెళ్లునప్పుడు పిల్లలు భయపడనక్కరలేదు.

6. ఈ ముసుగు ఎవరి ముఖముమీద పడుచున్నది?

ఇంతవరకు కల్పిత కథను గూర్చి మాట్లాడినాము. కాని కథ కథగా ఆగిపోవుట లేదు. తెరమీది మాంత్రికుని ముసుగు ఊరిలోని ఒక నిజమైన మనిషి ముఖముమీద పడుచున్నది. ఆ మనిషి దాదాపు ఎప్పుడును బలహీనులలో ఒకరు: ఒంటరి విధవరాలు, నాటువైద్యము తెలిసిన వృద్ధుడు, పొలము గట్టు తగాదాలో ఉన్న బీద రైతు.

తెలుగు రాష్ట్రములలో చేతబడి అనుమానముతో జరిగిన హత్యలు పోలీసు రికార్డులకు ఎక్కినవే. జాతీయ నేర నమోదుల సంస్థ తన వార్షిక నివేదికలలో హత్యల కారణములలో ఒకటిగా మంత్రవిద్య నెపమును లెక్కించుచున్నది. మంత్రము పలుకకుండునట్లు అనుమానితుల పండ్లు ఊడగొట్టిన సంఘటనలు మన దినపత్రికలలో వచ్చినవి. సినిమాలో పశుపతి నాలుక కోయుట చూచి ప్రేక్షకులు చప్పట్లు కొట్టినారు. అది కల్పితము, అక్కడ దోషి నిజముగా దోషియే. ఊరిలో పండ్లు ఊడగొట్టబడినవాడు జ్వరముతో చనిపోయిన బిడ్డకు పొరుగువాడు మాత్రమే. మహారాష్ట్ర శాసనసభ 2013లో, హేతువాది నరేంద్ర దభోల్కర్ హత్యకు గురైన సంవత్సరముననే, ఇట్టి దురాచారములకు విరోధముగా చట్టము చేసినది.

మాకు తెలిసిన ఒక గ్రామములో ఒక బిడ్డ చనిపోయినప్పుడు, ఒక వృద్ధురాలు చిల్లంగి పెట్టినదని మాట పుట్టినది. ఆమె రాత్రివేళ చెరువుగట్టున ఒంటరిగా కూర్చుండునని, తనలో తాను మాట్లాడుకొనునని చెప్పుకొన్నారు. ఆ ఊరి సేవకుడు వెళ్లి విచారించగా, చనిపోయిన తన కుమారునితో ఆమె మాట్లాడుకొనుచున్నదని తెలిసినది. కుమారుని పూడ్చిన స్థలము ఆ గట్టునకు అవతలనే ఉన్నది. అతడు మూడు ఆదివారములు ఆమె ప్రక్కన కూర్చుండి ఆరాధించినాడు, ఆమె చేతి కాఫీ అందరియెదుట త్రాగినాడు. ఆ మాట నెమ్మదిగా సద్దుమణిగినది. ఆ మూడు వారములలో అతడు చిల్లంగిని గూర్చి ఒక్క ప్రసంగమైనను చేయలేదు.

ఇందులో మనము మరువరాని వివేచన ఒకటున్నది. మృతుని మరువలేని దుఃఖము వేరు, జీవించువారిని ద్వేషించుట వేరు. లాజరు సమాధియొద్ద ప్రభువే కన్నీరు విడిచినాడు (యోహాను 11:35). తన బిడ్డ చనిపోయినప్పుడు దావీదు, తాను వానియొద్దకు వెళ్లుదునే గాని వాడు తనయొద్దకు తిరిగిరాడని ఒప్పుకొని, లేచి భోజనము చేసి, భార్యను ఓదార్చినాడు (2 సమూయేలు 12:20-24). దుఃఖము అతనిని బ్రదికియున్నవారియొద్దకు నడిపించినది. దుఃఖించువానిని ఆ దారిని నడిపించుట మన పని. అతనిని మాంత్రికుని వరుసలో నిలువబెట్టుట మన పని కాదు.

మన ప్రాంతపు సంఘచరిత్రలో దీనికి మంచి మాదిరియున్నది. కుష్ఠురోగులను బ్రదికియుండగానే చచ్చినవారిగా ఎంచి ఊరు వెలివేసిన దినములలో, కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు రామచంద్రపురములో వారి కొరకు ఆశ్రమము నడిపినారు. వెలివేయబడినవానికి మంచము, మందు, పేరు పెట్టి పిలుచు మనుష్యులు దొరికిన స్థలము అది. మాంత్రికుడు బ్రదికినవానిని రాయిగా చేయును. వారు ఊరు రాయిగా చేసినవానిని మరల మనిషిగా పలకరించినారు.

7. కాపరులు తమ్మునుతాము పరీక్షించుకొనవలసిన సంగతి

ఈ ప్రతినాయకుడు మనకు దూరపువాడని తలంచినయెడల ఈ వ్యాసము వలన ప్రయోజనము తక్కువ. అతని మూడవ కారణమును జ్ఞాపకము చేసికొనుడి: ఎదురుచెప్పగల మనిషిని భరించలేకపోవుట.

సంఘ కమిటీలో ప్రశ్న అడిగిన యౌవనస్థుని 'తిరుగుబాటు ఆత్మ' గలవాడని ముద్రవేయుట సులభము. లెక్కలు చూపుమన్న పెద్దను దయ్యము ప్రేరేపించినదనుట ఇంకను సులభము. ప్రసంగమునకు తల ఊపి, కానుక వేసి, మౌనముగా ఇంటికి వెళ్లు సంఘము మనకు నెమ్మదిగా ఉంటుంది. అయితే సమాధుల తోట కూడ నెమ్మదిగానే ఉంటుంది. చనిపోయిన పూర్వపు సేవకుని పొగడుట మనకు కష్టము కాదు, అతడు మన పనిని విమర్శింపడు గనుక. బ్రదికియున్న సహసేవకుని పొగడుటయే కష్టము. సౌలు తన మొదటి ఈటెను విసరిన దినమున అతడు ఏన్దోరుకు పోవుదునని తలంచియుండడు. ఈటె విసరుట అలవాటైనవానికి ఏన్దోరు దారి దానంతట అదే దొరికినది.

కొరింథీయులకు వ్రాయుచు పౌలు తాను వారి విశ్వాసము మీద ప్రభువును కానని, వారి ఆనందమునకు సహకారినని ఒప్పుకొన్నాడు (2 కొరింథీ 1:24). ఆ సంఘము అతనితో ఎంత వాదించినదో మనకు తెలియును. అయినను అతడు వారిని మౌనపరచక, వారికి ఉత్తరములు వ్రాసినాడు. వాదించు సంఘము బ్రదికియున్న సంఘము.

ఆచరణలో మూడు సంగతులను సేవకుల ఆలోచనకు ఉంచుచున్నాము. మొదటిది, అపవిత్రాత్మలను గూర్చి బోధించునప్పుడు సినిమా బొమ్మలను అరువు తెచ్చుకొనక, సువార్తలలోని వ్యక్తులను చూపవలెను. స్వస్థత తరువాత వారు ఎక్కడికి వెళ్లిరో తప్పక చెప్పవలెను. రెండవది, ఎవరిపైనైన చిల్లంగి నింద పుట్టినప్పుడు కాపరి మొదట వెళ్లవలసినది నింద మోపబడిన వ్యక్తి ఇంటికి. అపాయము కనబడినయెడల పోలీసువారికి తెలుపుటకు ఆలస్యము చేయరాదు. ఎఫెసులో మంత్రవిద్య గ్రంథములను కాల్చినవారు తమ సొంత గ్రంథములను తామే తెచ్చి కాల్చినారు (అపొస్తలుల కార్యములు 19:19). ఎవరును పొరుగింటిలో సోదా చేయలేదు. మూడవది, మరణము సంభవించిన ఇంటిని కూడిక ముగిసిన తరువాత విడిచిపెట్టరాదు. మృతునితో మాట్లాడుకొను విధవరాలికి, తనతో మాట్లాడు బ్రదికిన మనిషి ఒకరు కావలెను.

ముగింపు

క్షాంతిశీలుడు మొదలుకొని పశుపతి వరకు మన కథకులు ఒకే మనిషిని మరల మరల చిత్రించినారు. అతడు మృతులను కోరుకొనుట వారిమీది మమకారము వలన కాదు. బ్రదికియున్నవారు తన్ను చూడగలరు, నిరాకరింపగలరు, తీర్పు తీర్చగలరు, దానిని ఓర్చుకొనలేకనే. అవమానము దానికి సాకు, మరణభయము దానికి ఆజ్యము. లేఖనములు ఈ మనిషిని సౌలులో మనకు చూపి, అతని ప్రక్కనే రొట్టె కాల్చు ఒక స్త్రీని నిలిపినవి. సువార్త మరియొక అడుగు ముందుకు వేసి, మృతులను లేపి వారి కట్లు విప్పి పోనిచ్చు ప్రభువును చూపుచున్నది. ఆయన పేరిట సేవచేయువారు తమ సంఘములోని ఎదురుమాటకు చెవియొగ్గుటయు, ఊరు మాంత్రికురాలని పిలుచు వృద్ధురాలి ఇంటి అరుగుమీద కూర్చుండుటయు ఆ పునరుత్థానమునకు సాక్ష్యమే.